పవర్ తర్వాత, ముందు వేడి సంగతి చూడు

తమ్ముడూ, నీ ప్రశ్న రెండుసార్లు చదివాను. 2018 మోడల్ స్కోడా ఆక్టేవియా వీఆర్‌ఎస్ 230, సెకండ్ హ్యాండ్‌లో తీసుకున్నావు, మీటర్ మీద 58 వేల కిలోమీటర్లు. ఇల్లు మియాపూర్, ఆఫీసు నానక్‌రామ్‌గూడ, నెలకు రెండుసార్లు వికారాబాద్ వైపో శ్రీశైలం వైపో ఒక రౌండు. చేతిలో 3 లక్షలున్నాయి, "డౌన్‌పైప్, ఓపెన్ ఇంటేక్, స్టేజ్ 2 ఒకేసారి వేయించేయనా, లేకపోతే స్టేజ్ 1తో మొదలుపెట్టనా అన్నా" అని అడిగావు. ఫ్రెండ్సంతా నేరుగా స్టేజ్ 2కి వెళ్లిపొమ్మంటున్నారని కూడా రాశావు. (కొత్తవాళ్ల కోసం: డౌన్‌పైప్ అంటే టర్బో నుంచి పొగ బయటికి పోయే పైపు, ఓపెన్ ఇంటేక్ అంటే డబ్బా లేని ఎయిర్ ఫిల్టరు, స్టేజ్‌లంటే ఇంజన్ కంప్యూటర్ ఫైలు మార్చి పవర్ పెంచే ట్యూన్‌లో మెట్లు.)

ఈ రెండింట్లో ఏదీ ఇప్పుడే వద్దు. ట్యూన్ తప్పని కాదు, నా బండికీ ఉంది. కానీ వరస తప్పితే ఆ 3 లక్షలు ఒక్క ఎండాకాలంలో ఆవిరైపోతాయి. నేను ఆ దారిలో వెళ్లొచ్చినవాణ్ణే.

ముందు ఒక లెక్క చెప్తాను, మిగతా సలహా అంతా దీని మీదే నిలబడుతుంది. హైదరాబాద్ సముద్రమట్టానికి సుమారు 540 మీటర్ల ఎత్తున ఉంది. ఇక్కడ గాలి ఒత్తిడి చెన్నైలో కన్నా ఆరు శాతం దాకా తక్కువ. టర్బో (పొగ తోపుకు తిరుగుతూ గాలిని నొక్కి ఇంజన్లోకి తోసే పంకా) లేని ఇంజన్ అయితే ఆ మేరకు నీరసించి ఊరుకుంటుంది. టర్బో ఊరుకోదు. ఈసీయూ, అంటే ఇంజన్ కంప్యూటర్, అడిగిన ఒత్తిడి వచ్చేదాకా ఇంకాస్త వేగంగా తిరిగి ఆ లోటు పూడుస్తుంది. సీట్లో కూర్చున్న నీకు తేడా తెలీదు గానీ ఆ కష్టమంతా వేడిగా మారుతుంది. మే నెల మధ్యాహ్నం 40 డిగ్రీల గాలిని లాగి టర్బో దాని ఒత్తిడిని 2.2 రెట్లు చేసిందనుకో. కంప్రెసర్ సామర్థ్యం 70 శాతం ఉందనుకున్నా అవతలికి వచ్చే గాలి 150 డిగ్రీలు ఉంటుంది. దాన్ని ఇంజన్లోకి పోయేలోపు చల్లార్చాల్సింది బంపరు వెనకున్న ఆ ఇంటర్‌కూలర్ ఒక్కటే. దాని ముందు వీచేది కూడా 40 డిగ్రీల వడగాలే.

ఆ గాలి చల్లారకపోతే ఏమవుతుందంటే నాక్. ప్లగ్ నిప్పు పెట్టాక మంట సిలిండర్ అంతా సాఫీగా పాకాలి. వేడి మితిమీరితే మంట ఇంకా చేరని మూలలోని మిశ్రమం తనంతట తనే పేలుతుంది, పిస్టన్ మీద సుత్తి దెబ్బ పడినట్టు. నాక్ సెన్సర్ అది పట్టగానే ఈసీయూ ప్లగ్ నిప్పు పెట్టే టైమింగ్ వెనక్కి లాగుతుంది, బూస్ట్ (టర్బో నొక్కే ఒత్తిడి) తగ్గిస్తుంది. అంటే నువ్వు లక్షలు పోసి కొన్న గుర్రాలను ఒక్కొక్కటిగా తీసుకెళ్లి కొట్టంలో కట్టేస్తుందన్నమాట. హైదరాబాద్‌లో ట్యూన్ చేసిన చాలా బండ్లు ఏడాదిలో నాలుగు నెలలు ఇలాగే తిరుగుతుంటాయి. ఓనర్లకు ఆ సంగతి తెలీదు, డిసెంబరులో డైనో (చక్రాలను రోలర్ల మీద తిప్పి పవర్ కొలిచే యంత్రం) మీద తీసిన కాగితం చూపిస్తూ ఉంటారు.

నా కథ కూడా డిసెంబరుతోనే మొదలైంది. దీనికి ముందు నా దగ్గర ఇంకో టర్బో బండి ఉండేది. చలికాలంలో మ్యాప్, అంటే ట్యూన్ ఫైలు, వేయించాను. పొద్దున్నే ఆరింటికి ఔటర్ ఎక్కితే బండి పట్టపగ్గాల్లేకుండా లాగేది. ఐదు నెలలు అదే ధ్యాస. మే వచ్చింది. ఒక మధ్యాహ్నం శంషాబాద్ వైపు నుంచి పటాన్‌చెరు వెళ్తున్నాం, నలుగురం, ఏసీ ఫుల్లు. కోకాపేట దాటాక లారీని దాటడానికి నొక్కాను, ఒక కుదుపు, ఇంజన్ లైటు మెరవడం మొదలుపెట్టింది. ఎడమ పక్కకు తీసి ఆపేశాను. ప్లగ్గులు విప్పితే ఒకదాని తెల్ల పింగాణీ చిట్లి ఉంది. ఆ ముక్క సిలిండర్ గోడను గీయకుండా బయటికి పోవడం నా అదృష్టం. మ్యాప్ వేసిన షెడ్డుకి వెళ్తే "పెట్రోలు బాలేదన్నా" అన్నారు. తర్వాత ఇంకోచోట చూపిస్తే అది ఎక్కడో చలిదేశంలో 98 ఆక్టేన్‌కి (ఆక్టేన్ అంటే పెట్రోలు నాక్‌ను తట్టుకునే శక్తికి కొలత) రాసిన రెడీమేడ్ ఫైలని తేలింది, మన ఎండకు ఒక్క గడి కూడా మార్చలేదు. వాళ్ల తప్పు ఎంతుందో నాదీ అంతే ఉంది. ఏ పెట్రోలుకు రాశారని నేనొక్కసారైనా అడగలేదు కదా.

సరే, నీ బండికి వద్దాం. నీది సెకండ్ హ్యాండ్ అన్నావు, నాకు అన్నిటికన్నా ముందు పట్టుకున్న అనుమానం అదే. ముందు ఓనరు దాన్ని ట్యూన్ చేసి అమ్మేముందు స్టాక్‌కి, అంటే కంపెనీ ఇచ్చిన స్థితికి, తెచ్చాడేమో చూడు. మన ఊళ్లో ఇది మామూలే. లిఫ్ట్ మీద ఎక్కించి డౌన్‌పైప్ క్లాంపు, ఇంటర్‌కూలర్ పైపుల క్లిప్పులు, ఎయిర్‌బాక్స్ స్క్రూలు చూడు. రెంచి గాట్లు పడి మెరుస్తున్నాయా, దుమ్ముపట్టి ఫ్యాక్టరీలో బిగించినట్టే ఉన్నాయా? మంచి ట్యూనర్ అయితే ఈసీయూ చదివి అందులో ఫైలు ఒరిజినలా కాదా చెప్పేస్తాడు. ఇదేమీ నేరపరిశోధన కాదులే, ఆ ఇంజన్ ఇప్పటిదాకా ఎంత కష్టపడిందో తెలిస్తే ఇంకెంత పడగలదో అంచనా దొరుకుతుంది.

దాని తర్వాత సిలిండర్లు ఒత్తిడి నిలుపుతున్నాయా చూసే కంప్రెషన్ టెస్టు, వీలైతే లీక్‌డౌన్ కూడా. ఇంటేక్ పైపులకు స్మోక్ టెస్టు. చిన్న చీలిక ఉన్నా టర్బో ఆ పోయిన గాలి కోసం ఇంకా గట్టిగా తిరుగుతుంది, మళ్లీ వేడే. నీ బండిలోని ఈఏ888 మూడో తరం ఇంజన్‌కి ఒక పేరుమోసిన జబ్బుంది: వాటర్ పంపు, థర్మోస్టాట్ కలిసి ఉండే ప్లాస్టిక్ గూడు లీకవుతుంది. కూలెంట్ డబ్బాలో మట్టం నెలనెలా కాస్త కాస్త దిగుతుంటే, గేర్‌బాక్స్ పక్కన గులాబీ రంగు ఎండిన చారలు కనిపిస్తే అదే. దాన్ని అలాగే వదిలేసి ట్యూన్ వేయించడమంటే కాలికి ముల్లుండగా పరుగుపందెం కట్టడమే. 58 వేలన్నావు కదా, డీఎస్‌జీ (ఆటోమేటిక్ గేర్‌బాక్స్) ఆయిల్ 60 వేలకు ఎలాగూ మార్చాలి, ఇప్పుడే ఫిల్టరుతో సహా మార్చేయ్. ప్లగ్గులు ఎప్పుడు మార్చారో బిల్లు లేకపోతే మార్చలేదనే లెక్క.

ఇంజన్ ఆయిల్ గురించి ఒక్క మాట. టర్బో, డైరెక్ట్ ఇంజెక్షన్ కలిసిన ఇంజన్లకు నాక్ కన్నా చెడ్డదింకొకటి ఉంది. తక్కువ ఆర్‌పీఎంలో ఎక్కువ లోడు పడినప్పుడు ప్లగ్ వెలగకముందే మిశ్రమం అంటుకుంటుంది. ఒక్కసారి గట్టిగా వస్తే పిస్టన్ అంచు విరిగిపోవచ్చు, సెన్సర్ పట్టేలోపే పని అయిపోతుంది. దీనికి ఆయిల్లోని డిటర్జెంటు రకం కూడా ఒక కారణం. అందుకే 2020లో వచ్చిన ఏపీఐ ఎస్‌పీ గ్రేడులో దీనికి ప్రత్యేకంగా పరీక్ష ఉంది. డబ్బా మీద కంపెనీ చెప్పిన 502 00 ఆమోదంతో పాటు ఎస్‌పీ కూడా ఉందా చూసి కొను. ఆరో గేరులో 1,500 ఆర్‌పీఎం దగ్గర పెడల్ పూర్తిగా తొక్కే అలవాటుంటే ఇవాళే మానేయ్. గేరు దించి తొక్కు. డీఎస్‌జీని డీలో వదిలేసి అయ్యప్ప సొసైటీ సందుల్లో తిప్పేవాళ్లకు ఈ అలవాటు తెలీకుండానే వచ్చేస్తుంది.

ఇదంతా అయ్యాక, ఏ పార్టూ కొనకముందే, స్టాక్ బండి మీద ఒక లాగ్ (నడుస్తుండగా సెన్సర్ల రీడింగుల రికార్డు) తియ్యి. బండి సాకెట్లో గుచ్చే ఓబీడీ డాంగుల్, ఫోన్లో యాప్ చాలు. ఇంటేక్ గాలి ఉష్ణోగ్రత, ఒక్కో సిలిండర్‌లో టైమింగ్ ఎంత వెనక్కి పోతోంది, అడిగిన బూస్ట్‌కి ఎంత వచ్చింది, ఇంజెక్టర్లకు పెట్రోలు అందించే ఫ్యూయల్ రైల్ ఒత్తిడి, లాంబ్డా (గాలి, పెట్రోలు పాళ్లు). ఈ ఐదు ముఖ్యం. రెండో గేరులో 2,000 నుంచి రెడ్‌లైన్ దాకా పెడల్ పూర్తిగా తొక్కి ఒక్క లాగుడు, వెంటనే ఇంకోటి, మళ్లీ ఇంకోటి. మూడో లాగుడులో బండి నిజం చెప్తుంది. మొదటిదాంట్లో ప్రతి బండీ హీరోనే. బయట 35 డిగ్రీలుండగా మూడోసారి చివర్లో గాలి 60 దాటుతుంటే, నాలుగు సిలిండర్లలోనూ మూడు నాలుగు డిగ్రీల టైమింగ్ పదే పదే వెనక్కి పోతుంటే, స్టాక్ పవర్‌కే నీ బండి ఆయాసపడుతోందని అర్థం. మూడో గేరులో తీద్దామనుకుంటావేమో, రెడ్‌లైన్ దగ్గరికి వచ్చేసరికి 130 దాటిపోతావు. ఔటర్‌లో మొదటి రెండు లేన్లకు కూడా పరిమితి 120. ఆ లాగ్ డైనో మీద తీయించుకో.

డైనో అన్నాక ఇదీ చెప్పాలి, ఎందుకంటే ఇక్కడే అందరూ మోసపోతారు. డైనో యంత్రం కొలిచిన సంఖ్యను వాతావరణాన్ని బట్టి సరిదిద్దుతుంది. ఎస్ఏఈ (ఆటోమొబైల్ ఇంజనీర్ల సంఘం) సూత్రంలో మన ఊరి ఒత్తిడి, 35 డిగ్రీల వేడి వేస్తే దాదాపు ఏడు శాతం పెంచి చూపిస్తుంది. టర్బో లేని ఇంజన్‌కి అది న్యాయం. కానీ టర్బో ఆ ఎత్తు లోటును తనే చాలావరకు పూడ్చేసుకుందని పైన చెప్పాను కదా. మళ్లీ కాగితం మీద ఇంకో ఏడు శాతం కలిపితే ఏమవుతుంది? 280 గుర్రాలు 300 అవుతాయి. కాబట్టి కరెక్షన్ లేని సంఖ్య అడుగు, అదే డైనో మీద, అదే టైర్ ప్రెషరుతో, స్టాక్ లాగుడు ఒకటి ముందు తీయించుకో. నీ స్టాక్ సంఖ్యకు, ట్యూన్ తర్వాతి సంఖ్యకు మధ్య తేడా మాత్రమే నీది. కంపెనీ చెప్పిన 230 పీఎస్ (హార్స్‌పవర్) ఇంజన్ దగ్గరిది, రోలర్ మీద చక్రం చూపేది దానికన్నా తక్కువే ఉంటుంది. అది చూసి కంగారుపడకు.

ఇక టైర్లు, బ్రేకులు. ఈ మాట అంటే కుర్రాళ్లకు బోరు కొడుతుందని నాకు తెలుసు. నీది ఫ్రంట్ వీల్ డ్రైవ్, 350 ఎన్‌ఎం టార్క్ (తిప్పే బలం). జులైలో వాన పడ్డ రోజు లింగంపల్లి అండర్‌పాస్ ఎక్కేటప్పుడు స్టాక్ బండికే ముందు చక్రాలు గిలగిల్లాడతాయి. దానికి ఇంకో 80 ఎన్‌ఎం కలిపి అవే పాత టైర్ల మీద తిప్పితే ట్రాక్షన్ కంట్రోల్ దీపం చూడ్డానికే డబ్బు పెట్టినట్టు. టైరు పక్కన నాలుగంకెల కోడు ఉంటుంది. 2319 అని ఉంటే 2019లో 23వ వారం తయారైనదని. నీ బండి టైర్లు అంత పాతవైతే ట్రెడ్ ఎంతున్నా తీసెయ్, రబ్బరు గట్టిపడిపోయి ఉంటుంది. సైజు మార్చకు. పెద్ద రిమ్ము, పలచని టైరు మన నార్సింగి సర్వీసు రోడ్డు గుంతల్లో ఎన్నాళ్లుంటాయో నేను చెప్పక్కర్లేదు.

బ్రేకులకు వస్తే, వేగం 100 నుంచి 120కి వెళ్తే ఆపాల్సిన శక్తి 20 శాతం కాదు, 44 శాతం పెరుగుతుంది. నువ్వు శ్రీశైలం వెళ్తానన్నావు. ఈగలపెంట దాటాక డ్యాం దాకా దిగే ఆ మలుపుల్లో పెడల్ మెత్తబడిందంటే ఫ్లూయిడ్ మరుగుతోందని. డాట్ 4 ఫ్లూయిడ్ కొత్తగా ఉన్నప్పుడు కనీసం 230 డిగ్రీల దాకా మరగదు. గాల్లో తేమ పీల్చుకున్నాక ఆ కనీసం 155కి పడిపోతుంది. పాత ఫ్లూయిడ్‌తో పెద్ద డిస్కులు వేసినా ఉపయోగం లేదు. డాట్ 5.1 వేస్తే ఈ రెండు సంఖ్యలూ 260, 180. ముందు ఫ్లూయిడ్, తర్వాత కాస్త వేడి తట్టుకునే ప్యాడ్లు. పెద్ద బ్రేక్ కిట్టు నీ వాడకానికి అక్కర్లేదు. అన్నట్టు శ్రీశైలం రోడ్డు అడవి భాగాన్ని రాత్రి 9 నుంచి పొద్దున 6 దాకా మూసేస్తారు. ఖాళీ రోడ్డు కోసం మూడింటికి లేచి వెళ్తే మన్ననూర్ గేటు దగ్గర టీ తాగుతూ కూర్చోవాలి. అది పులుల అడవి, అక్కడ బండి సామర్థ్యం చూసుకునే ఆలోచన పెట్టుకోకు. సరదా తీరాలంటే చెన్నై దగ్గర ఇరుంగాట్టుకోట్టై ట్రాక్‌కి ఒక ట్రాక్ డేకి వెళ్లు, 3.7 కిలోమీటర్ల సర్క్యూట్. అక్కడ ఐదు ల్యాపులు తిరిగొస్తే నేను ఇందాకటి నుంచి మొత్తుకుంటున్న వేడి సంగతంతా నీ బండే చెప్తుంది.

ఇప్పుడు అసలు మొదటి పార్టు: నీ మూడో లాగుడులో గాలి వేడెక్కుతోందని తేలితే, ట్యూన్‌కి ముందే ఇంటర్‌కూలర్ మార్చు. నీ ఇంజన్‌కి గాలితో గాలిని చల్లార్చే రకం ఉంది, కాబట్టి పెద్దది పెడితే నేరుగా ఫలితం కనిపిస్తుంది. పెద్దదంటే ఎంత పెద్దదని కాదు, కోర్ మందం, ఫిన్లు చూడు. మరీ మందమైతే ఏసీ కండెన్సర్‌కి, రేడియేటర్‌కి గాలి ఆడదు. బయోడైవర్సిటీ సిగ్నల్ దగ్గర పది నిమిషాలు ఆగితే ఏసీ వేడి గాలి కొడుతుంది. ఇది నేను ఊహించి చెప్పడం లేదు, మా కజిన్ బండిలో కూర్చుని చెమటలు కక్కాను. ఇంటర్‌కూలర్ వేశాక డైనో మీద మొదటి లాగుడులో పెద్ద తేడా రాదు, నిరాశపడకు. నాలుగో లాగుడులో వస్తుంది. ఏప్రిల్ మధ్యాహ్నం వస్తుంది.

పెట్రోలు విషయం తేల్చుకోకుండా ట్యూనర్ గడప తొక్కకు. మన దగ్గర ఒకప్పటి మామూలు పెట్రోలు 91 ఆక్టేన్. ఇప్పుడు అమ్ముతున్న ఈ20లో 20 శాతం ఇథనాల్. ఇథనాల్‌కి నాక్‌ను తట్టుకునే గుణం ఎక్కువ, ఆవిరయ్యేటప్పుడు గాలిని చల్లబరుస్తుంది కూడా. ఇది టర్బోకి మంచిదే. కానీ లీటరుకు దానిలో ఉండే శక్తి పెట్రోలు కన్నా మూడోవంతు తక్కువ. పైగా పెట్రోలు ఒక వంతు మండడానికి 14.7 వంతుల గాలి కావాలి, ఇథనాల్‌కి 9 చాలు. అంటే అదే గాలికి ఇంజెక్టర్లు ఎక్కువ ద్రవం పోయాలి, హై ప్రెషర్ పంపు మీద బరువు పెరుగుతుంది. లాగ్‌లో రైల్ ఒత్తిడి చూడమన్నది అందుకే. పై ఆర్‌పీఎంలో ఆ గీత అడిగిన దానికన్నా కిందికి జారుతుంటే ఇంక బూస్ట్ పెంచే మాట ఎత్తకు.

ఎక్స్‌పీ100 లాంటి 100 ఆక్టేన్ పెట్రోళ్లు హైదరాబాద్‌లో కొన్ని బంకుల్లోనే దొరుకుతాయి, మామూలు దానికన్నా ధర చాలా ఎక్కువ. రోజూ ఆఫీసుకెళ్లే బండికి అది పోస్తావా? నెల రోజులు పోస్తావు, తర్వాత ఒకరోజు లైటు వెలుగుతుంది, దగ్గర్లో ఉన్న బంకులో మామూలుది కొట్టిస్తావు. కల్వకుర్తి దాటాకయితే నీకు ఎంచుకునే అవకాశమే ఉండదు. కాబట్టి ఇప్పటి ఈ20 లెక్కన 95 ఆక్టేన్‌కి, మన ఎండకు రాయించుకో. ఇరవై గుర్రాలు తక్కువొస్తాయి, రానీ. 100 ఆక్టేన్ పోసిన రోజు ఈసీయూ టైమింగ్ కాస్త ముందుకు జరుపుకుని ఆ రోజుకి నీకు బహుమతి ఇస్తుంది. దానికి తిరగేసి, 100కి రాసిన ఫైలు మీద మామూలు పెట్రోలు పోస్తే ఏమవుతుందో పింగాణీ ముక్క కథలో చెప్పాను.

ట్యూన్‌కి వస్తే, స్టేజ్ 1, స్టేజ్ 2 అనేవి ఐఎస్ఐ మార్కు లాంటివి కావు, షెడ్డుకో అర్థం. సాధారణంగా స్టేజ్ 1 అంటే పార్టులు మార్చకుండా ఫైలు మాత్రమే. నీ బండిలోని ఐఎస్20 టర్బోతో మంచి పెట్రోలు, చల్లటి గాలి ఉంటే 290, 300 పీఎస్ దాకా, 420 ఎన్‌ఎం పైన అని చెప్తారు. ఇంజన్ అది ఇస్తుంది. గేర్‌బాక్స్ సంగతి అడిగావా? నీది డీక్యూ250, ఆరు గేర్ల తడి క్లచ్. ఇదే గేర్‌బాక్స్‌తో కంపెనీయే గోల్ఫ్ ఆర్‌ని 380 ఎన్‌ఎంతో అమ్మింది. అంటే 380 దాకా కంపెనీ అనుభవం నీ వెనక ఉంది, ఆ పైన ట్యూనర్ మాట ఒక్కటే ఉంది. అందుకే నేనయితే ట్యూనర్‌కి ఇలా చెప్తాను: టార్క్ 380, 400 దగ్గర ఆపు, 2,000 కింద ఒక్కసారిగా దంచకుండా మెల్లగా ఎక్కించు, పై ఆర్‌పీఎంలో నీకెంత వీలైతే అంత ఇవ్వు. క్లచ్ బతుకుతుంది, ముందు చక్రాలు పట్టుకుంటాయి, కనెక్టింగ్ రాడ్ల మీద భారం తగ్గుతుంది. గేర్‌బాక్స్ ఫైలు కూడా కలిపే చేయించు. క్లచ్ నొక్కే ఒత్తిడి పెంచకుండా ఇంజన్ టార్క్ మాత్రం పెంచితే ప్లేట్లు జారి, ఆయిల్ కాలి, అదొక కొత్త ఖర్చు. ప్లగ్గులు ఒక మెట్టు చల్లటి రకం, గ్యాప్ 0.6 నుంచి 0.7 మిల్లీమీటర్ల మధ్య. దీనికి పెద్ద ఖర్చు లేదు, కానీ బూస్ట్ పెరిగాక మిస్‌ఫైర్ల సగం గోల దీంతోనే పోతుంది.

ట్యూనర్‌ని ఎంచుకునేటప్పుడు ఎంత పవర్ ఇస్తాడని అడక్కు. అందరూ ఇస్తారు. ఏ ఆక్టేన్‌కి రాశావు, ఎగ్జాస్ట్ వేడిని అదుపు చేసే రక్షణలు అలాగే ఉంచావా, ఫైలు వేశాక నా బండి మీద లాగ్ తీసి సవరిస్తావా, నా ఒరిజినల్ ఫైలు నాకిస్తావా అని అడుగు. మూడో ప్రశ్నకు "అవసరం రాదు సార్, టెస్టెడ్ ఫైల్" అన్నవాడికి దండం పెట్టి లేచి వచ్చేయ్.

డౌన్‌పైప్ వద్దన్నదానికి రెండు కారణాలు. ఒకటి, ఐఎస్20 సైజు టర్బోకి నీ టార్క్ హద్దులో ఉన్నంతవరకు దాని లాభం చిన్నది. రెండోది చట్టం. క్యాటలిటిక్ కన్వర్టర్ తీసేసిన పైపు రోడ్డు మీద తిప్పడం చట్టవిరుద్ధం, సందేహమే లేదు. మోటారు వాహనాల చట్టం 52వ సెక్షన్ ప్రకారం కంపెనీ ఇచ్చిన వివరాలకు భిన్నంగా బండి మార్చకూడదు, 2019 జనవరిలో సుప్రీంకోర్టు కూడా అదే చెప్పింది. అదే ఏడాది సవరణతో వచ్చిన 182ఏ కింద ఒక్కో మార్పుకు 5,000 రూపాయల జరిమానా లేదా ఆరు నెలల దాకా జైలు, రెండూ కూడా పడొచ్చు. ట్యూన్ ఏమన్నా దీనికి బయట ఉందా అంటే, లేదు. అది కంటికి కనపడదు, అంతే. ఇన్సూరెన్స్ కంపెనీకి చెప్పకుండా మార్పులు చేసి, యాక్సిడెంట్ అయ్యాక క్లెయిమ్ తిరగ్గొడితే వాదించడానికి నీ దగ్గర ఏమీ ఉండదు. ఇది తెలిసి చేసుకో, తెలీక చేసుకోకు. నాకైతే ఫైలు స్టాక్‌కి తేవడం అరగంట పని, కోసేసిన పైపు తిరిగి రాదు.

ఓపెన్ ఇంటేక్ గురించి పెద్దగా చెప్పడానికేం లేదు. బానెట్ లోపలి వేడి గాలిని పీలుస్తుంది, ఉస్సు బుస్సుమని సౌండ్ వస్తుంది, ఆ సౌండ్‌కి బండి ఎగిరిపోతున్నట్టు మనసుకి అనిపిస్తుంది. మన కోకాపేట నిర్మాణాల దుమ్ములో ఆ నూనె ఫిల్టరు ఒక నెలకే ఎర్రమట్టి ముద్దవుతుంది. స్టాక్ డబ్బాలో కొత్త పేపర్ ఫిల్టర్ పెట్టు, పదివేలకోసారి మార్చు. లోయరింగ్ స్ప్రింగులు కూడా పక్కన పెట్టు, మీ కాలనీ స్పీడ్ బ్రేకర్ ఒకసారి తలుచుకో. దానికి బదులు కింద ఇంజన్‌ని పట్టే డాగ్‌బోన్ మౌంట్‌కి ఒక గట్టి ఇన్సర్ట్ వేయించు. తక్కువ ఖర్చు, చక్రాలు ఎగిరెగిరి పడడం తగ్గి, గేర్లు మారడం బిగువుగా ఉంటుంది. ఖాళీగా ఆగినప్పుడు స్టీరింగ్‌లో కాస్త వణుకొస్తుంది. నీకది నచ్చకపోతే తీసేయడానికి పావుగంట.

మీ ఫ్రెండు వర్టస్ 1.5 డీఎస్‌జీకి ట్యూనింగ్ బాక్సు పెట్టిద్దామంటున్నాడని రాశావు. ఆపు వాణ్ణి. ఆ ఇంజన్ స్టాక్‌లోనే 250 ఎన్‌ఎం ఇస్తుంది, దాని పొడి క్లచ్ డీక్యూ200 హద్దు కూడా 250 ఎన్‌ఎమ్మే. అక్కడ మిగులు అంటూ ఏమీ లేదు. పైగా ఆ బాక్సు సెన్సర్‌కి అబద్ధం చెప్పి ఈసీయూని ఏమార్చే సరుకు. డాక్టరు దగ్గర థర్మామీటర్‌ని చల్లనీళ్లలో ముంచి చూపించడం లాంటిది. ఆ ఇంజన్‌కి ఇంటర్‌కూలర్ ఇంటేక్‌లోనే నీళ్లతో చల్లారే రకం, పెద్దది తెచ్చి పెడదామన్నా నీ బండికంత తేలిక కాదు.

డబ్బు సంగతి. నేనయితే 3 లక్షల్లో మొదటి లక్ష ఆరోగ్యానికి పక్కన పెడతాను. అంత అవ్వకపోవచ్చు, వాటర్ పంపు, ప్లగ్గులు, డీఎస్‌జీ ఆయిల్, టెస్టులు కలిసి దగ్గరికి రావచ్చు. ఇంకో లక్ష టైర్లు, ఫ్లూయిడ్, ప్యాడ్లు. మిగిలినదాంతో లాగ్ ఏది అడిగితే అది. ఇంటర్‌కూలర్ అడిగితే ట్యూన్ వచ్చే ఏడాదికి వాయిదా వేయి, అప్పులు చేసి రెండూ ఒకేసారి వద్దు. మూడు నెలలు ఒక్కో మార్పుకి గడువు ఇవ్వు. రెండు పార్టులు ఒకే రోజు వేస్తే తేడా దేనివల్ల వచ్చిందో, రేపు చప్పుడొస్తే దేనివల్ల వచ్చిందో నీకూ తెలీదు, మెకానిక్‌కీ తెలీదు.

ఇంకొకటి, ట్యూన్ చలికాలంలో వేయించినా ఆఖరి లెక్క ఎండాకాలంలోనే కట్టాలి. ఏప్రిల్ చివర్లో, మధ్యాహ్నం రెండింటికి, ఆఫీసు నుంచి మియాపూర్ దాకా ట్రాఫిక్‌లో వచ్చి బండి బాగా కాలాక అవే మూడు లాగుడులు తియ్యి, ట్యూనర్‌కి పంపి అవసరమైతే ఫైలు దింపించు. ముందు మాత్రం ఈ వారం స్టాక్ లాగ్ తీసి, కూలెంట్ డబ్బా మట్టం, ప్లగ్గుల ఫొటోలు, టైర్ల కోడు పెట్టు. ప్లగ్గుల ఫొటో వెలుతురులో తియ్యి, నాలుగూ వరసగా, ఏది ఏ సిలిండర్‌దో రాసి. అవి చూశాక ఇంటర్‌కూలరా, ఇంకేమన్నానా అని చెప్తాను.